మంచు మీద టేకు

లార్స్‌మో, 3 నవంబరు 1974

మరిది టోరోల్ఫ్‌కు,

వదిన ఆల్ఫిల్డ్ చెప్పి రాయిస్తున్నది.

నీ ఉత్తరం అందింది. ఇనెస్ టీచరమ్మ రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి ఎందుకంటే, మొదటిసారి నేను నమ్మలేదు. అన్న పోయి ఏడాది కావస్తున్నా ఒక్క ముక్క రాయని మనిషి, ఇప్పుడు రాశాడు. ఎలా ఉన్నావని కాదు, అన్న సమాధి మీద రాయి పెట్టించావా అని కాదు. తొమ్మిదో నంబరు పడవకు పదకొండు టేకు చెక్కలు కావాలట, అవి మా కొట్టంలో ఉన్నాయట, పంపించాలట.

నేను చెప్పింది చెప్పినట్టే రాయమని టీచరమ్మతో అన్నాను. ఆవిడ ముప్పై అయిదేళ్ళు బడిపిల్లల తప్పులు దిద్దిన మనిషి, చెయ్యి ఊరుకోదు. ఎక్కడైనా నా మాట మెత్తగా కనబడితే అది ఆవిడ దిద్దింది అనుకో.

ఇక నా వాదన విను.

ఒక పడవ లోపలి పనికంతా ఒకే మాను వాడాలి, మిగిలిన చెక్కల మీద పడవ నంబరు వేసి దాచాలి, ఎప్పుడైనా దెబ్బ తగిలితే ఆ చెక్కలతోనే అతకాలి: ఇది యార్డు పద్ధతి అని రాశావు. నాకు పద్ధతి నేర్పుతున్నావు. తొమ్మిదో నంబరుకు వచ్చిన బర్మా మాను యార్డులో దిగినప్పుడు చూడటానికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ ఊళ్ళో పడవలు కట్టని ఇల్లు లేదు. మా నాన్న కట్టాడు, వాళ్ళ నాన్న కట్టాడు. పడవ పెంకును ఫైబరుతో పోత పోసే ఈ కాలం వచ్చాక, చెక్క అంటే లోపలి మంచాలూ అరలూ గోడలూ మాత్రమే మిగిలాయి. దానికే ఇంత పద్ధతి.

మీ అన్న ఎవర్ట్ యార్డు పని మానేసిన రోజు సంగతి నీకు గుర్తుంది, ఎందుకంటే నువ్వు మా వంటింట్లో కట్టెల పెట్టె మీద కూర్చుని నా ఏలకుల రొట్టె నాలుగోది తింటున్నావు. మేనేజరు చేతి గడియారం తెచ్చాడు. ఎవర్ట్ అన్నాడు:

"గడియారం ఎందుకయ్యా, ఇక నేను ఎక్కడికి సమయానికి వెళ్ళాలి? తొమ్మిదో నంబరులో మిగిలిన చెక్కలివ్వు, పెట్టెలు చేసుకుంటాం."

"ఏం పెట్టెలు?"

"పడుకునేవి. ఒకటి నాకు, ఒకటి దానికి."

మేనేజరు కాఫీ సాసర్లో పోసుకున్నవాడు పోసుకున్నట్టే ఆగిపోయాడు. తరవాత నవ్వి, సరే అన్నాడు. "కాని పడవకు అవసరం పడితే తిరిగి ఇవ్వాలి సుమా" అన్నాడు. ఎవర్ట్ "ఇస్తాం" అన్నాడు. ఆ 'ఇస్తాం' పట్టుకుని ఇప్పుడు నువ్వు నాకు రాశావు. ఆ మాట ఇచ్చింది ఎవర్ట్. నేను పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాను. నన్నెవరైనా అడిగారా? వెనక్కి తిరిగి చూశారా కనీసం?

ఎవర్ట్ ఆ చలికాలమే తన పెట్టె చేసుకున్నాడు. ఏడాది పాటు అందులో బంగాళాదుంపలు పోశాం. నాకూ కొలత తీసి కొయ్యమన్నాను. "నువ్వింకా కుంచించుకుపోతావు, ఇప్పుడే కొలిస్తే చెక్క దండగ" అన్నాడు. అందుకే నా చెక్కలు ఇంకా కొయ్యకుండా నిలువునా ఉన్నాయి, నీ కన్ను పడింది.

పోయిన నవంబరులో ఎవర్ట్‌ను ఆ టేకులోనే పెట్టాం. నేల గడ్డకట్టి ఉంటే గునపాలతో తవ్వారు. పెట్టె మోయడానికి ఆరుగురు కావాలి. అయిదుగురు దొరికారు. ఆరోవాడు తొమ్మిదో నంబరు పడవెక్కి ప్రపంచం చుట్టూ పందెంలో తిరుగుతున్నాడు. ఏడేళ్ళ పిల్లాడిగా నా చేతిలో పెట్టారు నిన్ను, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు. చలి తగలకుండా నీ బూట్లలో ఎండుగడ్డి కూరి బడికి పంపింది నేను. ఆరో చెయ్యి చోట నేను పట్టుకున్నాను. టేకు బరువు నాకు తెలుసు.

ఆ మాను నుంచే ఎవర్ట్ పెట్టె వచ్చింది, ఆ మాను నుంచే నాదీ వస్తుంది. పక్కపక్కన పడుకున్నప్పుడు ఒకే చెక్కలో పడుకుంటాం. అదీ నా వాదన. మీ పడవ యజమానికి, పడవకు ఆయన పెట్టిన పేరు నాకు నోరు తిరగదు, ఇంకో మాను కొనుక్కోమని చెప్పు.

విరిగిన చెక్కలు ఎలా విరిగాయో రాయలేదు. "ఒక మనిషి తగిలి" అన్నావు. పదకొండు చెక్కలు విరిచిన ఆ మనిషెవరు?

ఇలా చెప్పినది,
ఆల్ఫిల్డ్

(సంతకం చేయడం రాదు గనుక తన పుట్టింటి గుర్తు గీసింది: నిలువుగా మూడు గీతలు, వాటిని కోస్తూ వాలుగా ఒకటి. — ఇనెస్)


గాస్పోర్ట్, ఇంగ్లండు, 1 డిసెంబరు 1974

వదినగారికి,

మీరు తిట్టినవన్నీ నాకు తగినవే. ఇనెస్ టీచరమ్మ ఏదీ మెత్తన చేసినట్టు కనిపించలేదు.

ఎందుకు రాయలేదో చెప్పడానికి ఇప్పుడూ మాట రావడం లేదు. సిడ్నీలో పాస్టరుగారి ఉత్తరం నా చేతికి వచ్చేసరికి అన్నను పెట్టి మూడు వారాలైంది. ఆ తరవాత ఒక్కో నెల గడిచేకొద్దీ మొదలుపెట్టడం మరీ కష్టమైంది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పడవ ఒడ్డు మీద, రేకుల షెడ్డు కింద, మొద్దుల మీద నిలబెట్టి ఉంది. నేను దానిలోనే కాపురం. ఎక్కడానికి నిచ్చెన. చుట్టూ ఇంకా నలభై పడవలున్నాయి, మనుషులు లేరు. వానలో రేకులు మోగుతుంటే మాట్లాడాలనిపిస్తుంది, కాని నా భాష వచ్చినవాళ్ళు ఈ రేవులో లేరు. అందుకని పడవతోనే మాట్లాడతాను.

పందెం సంగతి మీరు అడగలేదు, అయినా రాస్తాను, అన్న ఉంటే అడిగేవాడు. అరవై అయిదడుగుల పడవ, రెండు తెరచాప కొయ్యలు, లోతైన అడుగు. దీని నమూనా న్యూయార్కులో కూర్చుని ఎవరు గీశారోగాని, చలి సముద్రాన్ని చూసినవాళ్ళే గీసి ఉంటారు. బయలుదేరిన రేవులో మమ్మల్ని చూసి నవ్వారు. మిగిలిన పడవల్లో లోపల ఏమీ లేదు, గుడ్డ ఉయ్యాలలూ డబ్బా తిండీ. మాది చూసి "విందుగది మోసుకొస్తున్నారు" అన్నారు. టేకు బల్ల, దాని మీద గుడ్డ, పన్నెండుమంది కూర్చుని వేడి సూపు తాగాం. కేప్‌టౌన్ చేరేసరికి వాళ్ళు చలికీ తడికీ నీలుక్కుపోయి ఉన్నారు, మేము నిద్రపోయి లేచినవాళ్ళలా దిగాం. పొడిగా నిద్రపోయినవాడే తెల్లారి తెరచాప సరిగ్గా లాగుతాడు. ఆ మజిలీలో మాకు రెండో స్థానం. ఇదే నమూనాలో కట్టిన ఇంకో పడవ మా కంటే ముందుంది. ఆ నమూనా గెలిచింది అంటే, నాకు సంబంధించినంతవరకు, వెచ్చటి మంచం గెలిచింది.

కేప్‌టౌన్ నుంచి సిడ్నీకి వెళ్ళేటప్పుడు దక్షిణాన ఒక అల పడవను పక్కకు పడుకోబెట్టింది. చెక్కలు అప్పుడు విరిగాయి. అంతే.

మీ చెక్కలు మీరే ఉంచుకోండి వదినా. నేను ఇంకోటి అడుగుతాను. యార్డులో కొత్త మాను ఒకటి కోశారట. అందులోంచి దగ్గరి రంగువి పదకొండు ఏరి పంపిస్తే సరిపోవచ్చు. కాని ఎవరు ఏరుతారు? అన్నకున్న కన్ను ఎవరికీ లేదు. తొమ్మిదో నంబరు లోపల నిలబడితే గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు, మాను నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఇంగ్లండు వడ్రంగులు వచ్చి చెయ్యి పెట్టి చూసి పోతారు. "మా అన్న ఏరాడు" అని చెబుతాను. నలభై ఏళ్ళు ఆయన పక్కన ఉన్నారు కదా, మీకూ కొంత అలవాటై ఉంటుంది. మార్చిలో వీలు చూసుకుని యార్డుకు వెళ్ళి చూడగలరా?

ఇంకో సంగతి. మీ ఉత్తరం కింద గీసిన గుర్తు మీ పుట్టింటిదేనా? ఇంకెవరైనా అది వాడేవాళ్ళా? ఊరికే అడిగాను.

మీ మరిది,
టోరోల్ఫ్


లార్స్‌మో, 19 జనవరి 1975

టోరోల్ఫ్,

"మీకూ కొంత అలవాటై ఉంటుంది." ఈ వాక్యాన్ని టీచరమ్మతో మూడుసార్లు చదివించుకున్నాను. ఆవిడ మూడోసారి చదవనంది. చదవమన్నాను.

పోయినవాడి మీద చెప్పకూడదని ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. నువ్వు తెరిపించావు.

మీ అన్నకు రంగులు తెలియవు. ఎరుపూ ఆకుపచ్చా గోధుమా ఆయనకు ఒకటే. పెళ్ళయిన ఏడు అడవిలో ఎర్రటి లింగన్ పండ్లు కోయడానికి వెళితే, బుట్టెడు పచ్చికాయలు తెచ్చి గర్వంగా నా ముందు పెట్టాడు. నేను పరాచికం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. చెక్క పడవల రోజుల్లో పరవాలేదు, పైన్‌కు రంగు చూసేదేముంది. టేకు వచ్చాక చిక్కు వచ్చింది. ఒక చెక్క తేనెలా, ఒకటి పొగాకులా, ఒకటి ఆకుపచ్చ చారతో. ఆయనకు అన్నీ చెక్కే.

"యార్డులో చెమ్మగా ఉంది, మా కొట్టంలో ఆరబెడతాను" అని మేనేజరుతో చెప్పి, చెక్కలు స్లెడ్జి బండి మీద వేసుకుని గడ్డకట్టిన నీటి మీదుగా ఇంటికి తెచ్చేవాడు. నీకు గుర్తుండాలి, రెండుసార్లు నువ్వే తోశావు. ఆరబెట్టడానికి కాదు. మార్చిలో ఎండ మంచు మీద పడి పైకి కొట్టే వేళ, కొట్టం వెనక మంచు మీద ఆ చెక్కలన్నీ పరిచేదాన్ని. మంచు మీద టేకు తన రంగు దాచుకోలేదు. దీపం కింద అబద్ధమాడుతుంది, కిటికీ దగ్గర అబద్ధమాడుతుంది, మంచు మీద ఆడదు. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కోటి జరిపి, పక్కన పెట్టి, తిప్పి, మళ్ళీ జరిపి, మాను లేచి నిలబడేదాకా పేర్చేదాన్ని. నా మోకాళ్ళు ఇప్పుడు అందుకే వంగవు. పేర్చిన ప్రతి చెక్క వెనకా కత్తితో నా గుర్తు చెక్కేదాన్ని, నేను చూసి ఒప్పుకున్నదని. ఆ గుర్తు మా పుట్టింటిదే. అన్నదమ్ములు లేరు, నాతో ఆఖరు.

"ఇవి చిత్రిక పట్టి తీసేస్తాను. ఫోర్‌మన్ చూస్తే ఇదేమిటని అడుగుతాడు" అన్నాడు ఎవర్ట్.

"తీసెయ్" అన్నాను. ఏమనాలి?

ఇక పడవ నీటిలో దించిన రోజు. నువ్వు కొత్త చొక్కా వేసుకుని పడవ మీద ఉన్నావు. నేను ఆడవాళ్ళతో కలిసి కాఫీ కూజాలు మోస్తున్నాను. యజమాని కిందికి దిగి, గోడలు చూసి బయటికి వచ్చి, మీ అన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు. పత్రికవాడు ఫోటో తీశాడు. తరవాత పత్రికలో దాని కింద చిన్న అక్షరాల్లో ఏం రాశారో టీచరమ్మ చదివి చెప్పింది: ఈ ముసలాయన కంటికి సాటి లేదట. ఫోటో తీసేటప్పుడు ఎవర్ట్ నా వైపు చూశాడు. నేను యజమానికి కాఫీ పోశాను. "పాలు కావాలా?" అని అడిగాను.

ఇంటికి వచ్చాక ఏమన్నా అన్నాడా? కాళ్ళు కడుక్కుని, బూట్లు పొయ్యి దగ్గర పెట్టి, "కాఫీ బాగుందన్నారు అందరూ" అన్నాడు. అంతే. చచ్చిపోయేదాకా అంతే. నేనూ అడగలేదు. అడిగి తీసుకునేదయితే దానికి రుచేముంటుంది.

కాబట్టి ఆ చెక్కలు ఎవరివో ఇప్పుడు చెప్పు. యార్డువి కావు, ఎవర్ట్‌వి కావు, యజమానివి అసలు కావు. ఆ పడవలో నాదంటూ గీత కూడా మిగలలేదు. నా మోకాళ్ళకు ఈ పదకొండు చెక్కలే మిగిలాయి. వాటిలో పడుకుంటాను.

కొత్త మాను ఏరడానికి రాను. ఎందుకని అడగొద్దు. రానంటే రాను.

విరిచిన మనిషి పేరు మళ్ళీ రాయలేదు నువ్వు. "అంతే" అని రాశావు. నువ్వు చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పాక "అంతే" అనేవాడివి.

ఆల్ఫిల్డ్

(గుర్తు)

టోరోల్ఫ్‌గారికి: ఈ కింది నాలుగు మాటలు ఆవిడ చెప్పనివి, నేను రాస్తున్నవి. కొత్త చెక్కలు ఎందుకు ఏరనంటుందో మీరు తెలుసుకోవాలి. పోయిన వేసవి నుంచి ఆవిడ రెండు కళ్ళకూ పొర కమ్మింది. పెద్ద అచ్చక్షరాల చర్చి పాటల పుస్తకం ఎప్పుడూ చదువుకునేది, ఇప్పుడు తెరిచి ఒళ్ళో పెట్టుకుని కంఠతా పాడుతుంది. నేను చూస్తూ ఉన్నానని తెలిస్తే పేజీ తిప్పుతుంది. ఆపరేషను అంటే వాకిట్లోంచి గెంటేసింది. గుర్తు గీసేటప్పుడు కాగితం మీద ఆవిడ వేలు పెట్టి చోటు చూపించేది నేనే. మీ ఉత్తరం వస్తుందేమోనని పోస్టు సైకిలు చప్పుడు కోసం గుమ్మంలో కూర్చుంటుంది. అడిగితే పిల్లి కోసం అంటుంది. పిల్లి లేదు. — ఇనెస్


గాస్పోర్ట్, 23 ఫిబ్రవరి 1975

వదినా,

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం వస్తుంది, తెరచాప గుడ్డలో కుట్టినది. ముందు ఉత్తరం చదివించుకోండి, తరవాతే పొట్లం విప్పండి.

అబద్ధం చెప్పాక నేను "అంతే" అంటానని నాకిప్పటిదాకా తెలియదు. ఈసారి ఆ మాట లేకుండా రాస్తాను.

చెక్కలు విరిచిన మనిషిని నేనే. అల కొట్టినప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను, బంగాళాదుంపలు ఉడకబెడుతున్నాను. పడవ పక్కకు పడుకుంది. గదికి ఆ చివర ఉన్నవాణ్ణి ఈ చివర గోడకు వెళ్ళి తగిలాను. పదకొండు చెక్కలు పోయాయి, నా తుంటి పోయింది. అవి వంగి, పగిలి, నన్ను ఆపాయి. డొల్ల పడవ అయి ఉంటే వెనక ఇనప బద్దకు తగిలేవాణ్ణి, ఇప్పుడు మీకు రాసేవాడు ఉండేవాడు కాదు. అన్న పోయింది ఆ వారమే అని తరవాత లెక్క వేసుకున్నాను. సిడ్నీ ఆసుపత్రిలో మూడు నెలలు మంచం మీద ఉన్నాను. పడవ నేను లేకుండానే పందెం ముగించింది. మళ్ళీ నడుస్తున్నాను, కర్రతో. ఈ కాపలా పని యజమాని జాలిపడి ఇచ్చినది. ఇంటికి రాకపోవడానికి కారణం అదే. రెండు కాళ్ళ మీద వెళ్ళినవాణ్ణి, మూడో కాలితో మీ గుమ్మం ఎక్కడానికి సిగ్గేసింది. పెట్టె మోయనివాడు ఇక ఏ పెట్టే మోయలేడు.

రెండో సంగతి. యజమాని రాబోయే పందేనికి కొత్త నావికుణ్ణి పెట్టుకున్నాడు, కుర్రవాడు, తూకం పిచ్చివాడు. లోపలి చెక్కంతా పీకేసి డొల్లగా వెళదామంటాడు, అందరూ ఇప్పుడు అలాగే వెళుతున్నారట. యజమానికి మనసొప్పడం లేదు. "ఉన్నది ఉన్నట్టు అతకగలిగితే ఉంచుతాను. అతుకు కనబడితే ఏప్రిల్‌లో మొత్తం పీకిస్తాను" అన్నాడు. ఈ మాట మీకు మొదటే రాయాల్సింది. రాస్తే మీ మెడ మీద కత్తి పెట్టినట్టు ఉంటుందని రాయలేదు.

మూడోది. మీ మొదటి ఉత్తరం కింద గుర్తు చూసి, ఆ కాగితం పట్టుకుని విరిగిన ముక్కల దగ్గరికి వెళ్ళాను. ఎందుకంటే విరిగిన చెక్కలు విప్పినప్పుడు వాటి వెనక ఆ గుర్తు చూశాను. బర్మా కలప వ్యాపారి ముద్ర అనుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక అనుమానం వచ్చి, మీకు చెప్పకుండా, డిసెంబరు నుంచి ఈ పడవ లోపలి గోడలన్నీ మర తరవాత మర విప్పుతూ వచ్చాను. చలికాలం పొడుగు, నాకు వేరే పని లేదు.

వదినా, అన్న చిత్రిక పట్టలేదు.

నూట అరవై మూడు చెక్కలు. ప్రతి దాని వెనకా మీ గుర్తు ఉంది. తీసెయ్యకపోవడమే కాదు. వెనక అడ్డపట్టీ గుర్తు మీద పడే ప్రతి చోటా, ఆ పట్టీని ఉలితో గుంట తీసి, గుర్తును నొక్కకుండా వదిలాడు. నలభై ఒక్క చోట్ల అలా చేశాడు. ఒక్కో గుంటకు పావుగంట పని. గుర్తు మీద నూనె పట్టించాడు, అంచులు అరగకుండా. యార్డులో మన వడ్రంగులు తాము చేసిన పని వెనక పెన్సిలుతో పేర్లు రాసుకుంటారు కదా. ఆర్నే పేరుంది, సెల్విన్ పేరుంది, నా పేరు తేదీతో సహా మూడు చోట్లుంది. అన్న పేరు కోసం పడవంతా వెతికాను. ఎక్కడా లేదు. తన పేరు రాసుకోవాల్సిన చోట మీ గుర్తు వదిలాడు.

లింగన్ పండ్ల సంగతి చదివి నవ్వాను, తరవాత చాలాసేపు నవ్వలేదు. చిన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళి "పండినవి ఏవో నువ్వు చెప్పు, నీకు పని రావాలి" అనేవాడు. నాకు నేర్పుతున్నాడనుకునేవాణ్ణి.

మీ ఉత్తరాన్ని బట్టి మీరు ఎందుకు ఏరలేరో కొంత అర్థమైంది. ఇక దాని గురించి మాట్లాడను. చెక్కల గురించీ ఇంకోసారి అడగను. మీరు వాటిలో పడుకోవాలనుకుంటే అది న్యాయమే. పొట్లంలో ఉన్నది నా తుంటి విరిచిన ముక్క. వెనక్కి తిప్పి చేత్తో తడమండి.

టోరోల్ఫ్


లార్స్‌మో, 23 మార్చి 1975

టోరోల్ఫ్,

పొట్లం విప్పాను. చెప్పినట్టు ఉత్తరం తరవాతే విప్పాను. టీచరమ్మను బయటికి వెళ్ళి పిల్లిని చూసి రమ్మన్నాను. ఆవిడ వెళ్ళింది.

మూడు నిలువు, ఒకటి వాలు. అడ్డగీత చివర నా కత్తి జారిన చోటు కూడా అలాగే ఉంది, వేలికి తగిలింది. ఆ రోజు ఎండ బాగా కాసింది, మంచు మీద నుంచి కొట్టి కళ్ళలో నీళ్ళు తెప్పించింది. అందుకే జారింది.

మూర్ఖుడు. నలభై ఒక్క గుంటలు తీయడానికి ఓపిక ఉంది, ఒక్క మాట చెప్పడానికి నోరు లేదు. "కాఫీ బాగుందన్నారు" అట. ఈ వారమంతా ఆయన్ను తిడుతూనే ఉన్నాను. గొంతు పోయింది. ఇల్లు కాస్త నిండినట్టుగా ఉంది.

నువ్వు కూడా మూర్ఖుడివే. తుంటి విరిగితే సిగ్గెందుకు? నా కళ్ళు పోయాయి, నేను సిగ్గుపడుతున్నానా? టీచరమ్మ నీకు చాటుగా రాసిందని నాకు తెలుసు. నేను చెప్పడం ఆపేశాక కూడా కలం చప్పుడు ఆగలేదు. నాకు పోయినవి కళ్ళే.

చెక్కలు పంపుతున్నాను. నిన్న సెల్విన్ వచ్చి కట్టాడు, బుధవారం లారీలో రేవుకు వెళతాయి. కట్టే ముందు ఒక్కోటి తడిమి చూశాను. పదకొండింటికీ గుర్తు ఉంది. నా షరతులు ఇవి. చిత్రిక ముందువైపే పట్టాలి. వెనకవైపు జోలికి వెళితే పైనుంచి మీ అన్న ఊరుకున్నా నేను ఊరుకోను. పట్టీలకు గుంటలు తీయాల్సిన చోట తియ్యి, ఎన్ని పావుగంటలైనా సరే. ఎవర్ట్ పేరు ఎక్కడా రాయొద్దు. ఆయన వద్దనుకున్నాడు, అలాగే ఉండనీ. ఆ తూకం పిచ్చి కుర్రాణ్ణి ఒకసారి ఆ గోడ పక్కన పడుకోబెట్టు, గాలివాన ఉన్న రోజున. నిన్ను ఆపిన చెక్క ఇంకొకణ్ణి కూడా ఆపుతుందని చెప్పు. లోపల పడుకుని ఎదురుచూసేవాడికి గోడ కావాలి. అది నాకు తెలుసు.

విరిగిన ముక్క మాత్రం తిరిగి పంపను. నా పెట్టెలో వేయమని టీచరమ్మతో చెప్పాను. ఆవిడ రాసుకుంది.

పడవ పని అయ్యాక ఇంటికి రా. గుమ్మానికి రెండే మెట్లు, కర్రకు అడ్డం రావు. శనివారం ఆవిరిస్నానాల గది నా ఒక్కదాని కోసం వేడి చేయాలంటే కట్టెలు దండగ, అందుకని ఏడాదిగా గిన్నెలో నీళ్ళు కాచుకుని ఒళ్ళు తుడుచుకుంటున్నాను. వచ్చేటప్పుడు ఆ దేశపు టీ తేవద్దు.

ఇక నా పెట్టె సంగతి. నీకు బెంగ వద్దు. కొట్టంలో మన అడవి పైన్ ఉంది, సెల్విన్ కొలత కూడా తీశాడు. నిజంగానే కుంచించుకుపోయాను, చెక్క మిగులుతుందన్నాడు. ఎవర్ట్ టేకులో, నేను పైన్‌లో. పక్కపక్కన పడుకుంటాం.

ఆయనకు తేడా తెలియదు.

ఆల్ఫిల్డ్

(ఈసారి చోటు చూపించనివ్వలేదు. చెక్క ముక్క మీది గుర్తును ఎడమచేత్తో తడుముకుంటూ, కుడిచేత్తో తనే గీసింది. కాగితం దాటి బల్ల మీదికి పోయింది. బల్ల తుడవొద్దంది. — ఇనెస్)